మందు ఒకటే, ఫలితం వేరెందుకు?

“రొమ్ములో గడ్డ కరిగింది, కాలేయంలోది పెరుగుతోంది. ఇచ్చిన కీమో ఒక్కటే కదా!” అని క్యాన్సర్ రోగుల కుటుంబాలు కలవరపడుతుంటాయి. ఇది వైద్యుని నిర్లక్ష్యమూ కాదు, రోగి పాపఫలమూ కాదు. దీనికి కారణాలున్నాయి.

రొమ్ము క్యాన్సర్ కాలేయానికి పాకినా అది రొమ్ము క్యాన్సరే. అయితే మొదటి గడ్డను విడిచి వెళ్లిన కణాలు పెరిగేకొద్దీ వాటి జన్యువుల్లో కొత్త మార్పులు వస్తాయి. మందుకు లొంగినవి చనిపోతాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. మొదటి గడ్డలో కనిపించిన హార్మోన్ గ్రాహకాలు, హెర్‌2 ప్రోటీన్ వంటివి పాకిన గడ్డలో లేకపోవచ్చు. లేనివి కొత్తగా కనిపించనూవచ్చు.

గడ్డ ఉన్న చోటు కూడా ముఖ్యమే. మెదడులోని రక్తనాళాల గోడలు అనేక కీమో మందులను తేలికగా లోపలికి రానివ్వవు. వృషణాలకూ అటువంటి అడ్డుగోడ ఉంది. అందుకే వృషణ క్యాన్సర్‌లో సిస్‌ప్లాటిన్‌తో కూడిన చికిత్సకు ఊపిరితిత్తుల్లోని గడ్డలు కరిగినా, మొదటి గడ్డ బతికే ఉండవచ్చు. కీమో ముందుగా ఇచ్చినా ఆ వృషణాన్ని తర్వాత తొలగించేది ఇందుకే.

వ్యాధి మరోచోట కనబడినప్పుడు అక్కడి నుండి ముక్క తీసి పరీక్షిద్దామని వైద్యులు అంటారు. “సూది తగిలితే ఇంకా పాకుతుంది” అని చాలామంది వద్దంటారు. అలా జరగడం బహు అరుదు. పాత రిపోర్టును బట్టి ఇచ్చే మందు కొత్త గడ్డకు సరిపడకపోవచ్చు. కనుక భయపడి వెనుకాడకండి. వైద్యులు చెప్పకపోయినా, “మళ్లీ బయాప్సీ చేయడం వీలవుతుందా?” అని మీరే అడగండి. దాని ఫలితాన్నిబట్టి చికిత్సే మారవచ్చు.