నరకం, పాతాళం, నిత్యశిక్ష: తెలుగు క్రైస్తవంలో ఒక వివాదానికి పదాల నేపథ్యం

1. ఉపోద్ఘాతం

మరణానంతరం దుష్టులు పొందే శిక్షకు అంతం ఉందా, లేదా అనే విషయంలో క్రైస్తవంలో ప్రధానంగా మూడు వాదాలున్నాయి. ఆ శిక్ష అంతులేని బాధ అనేది నిత్యశిక్షావాదం. దుష్టులు చివరకు పూర్తిగా నశిస్తారనేది వినాశవాదం. ఎప్పటికైనా అందరూ దేవునితో సమాధానపడతారనేది సర్వరక్షణవాదం. మొదటిదానికి అగస్టీన్, మూడోదానికి ఓరిజెన్ ప్రసిద్ధ ప్రతినిధులు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల విశ్వాసులకు ఈ చర్చ తెలుగు బైబిలు పదాల ద్వారానే అందుతుంది. ఆ పదాలకు బైబిలుకంటే ముందే పౌరాణికార్థాలు స్థిరపడి ఉన్నాయి. ఆ అర్థాలు వివాదాన్ని ఏవైపు మొగ్గేట్టు చేశాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మిషన్ల విశ్వాస ప్రకటనలు

లూథరన్ మిషనరీ జె.సి.ఎఫ్. హేయర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. లూథరన్ల మూలపత్రమైన ఆగ్స్‌బర్గ్ ప్రకటన (1530) 17వ అధికరణం శిక్షకు అంతముందనే అనబాప్టిస్టుల వాదాన్ని పేరుపెట్టి ఖండించింది. ఒంగోలులో పనిచేసింది అమెరికన్ బాప్టిస్టులు. వారిలో విస్తృతంగా ఆమోదం పొందిన న్యూ హాంప్‌షైర్ ప్రకటన (1833) కూడా అంతులేని శిక్షనే చెప్పింది. స్టూవర్టుపురం సెటిల్‌మెంటును నిర్వహించిన సాల్వేషన్ ఆర్మీ పదకొండో సిద్ధాంతమూ అదే. బాప్తిస్మం విషయంలో విభేదించిన సంఘాలు నరకం విషయంలో ఏకీభవించాయన్నమాట. మృతులు నిద్రలో ఉంటారనీ, దుష్టులు చివరకు నశిస్తారనీ బోధించే సెవెంత్‌డే అడ్వెంటిస్టులు, యెహోవాసాక్షులు తెలుగునాట ప్రవేశించాక ప్రత్యామ్నాయ వాదం ప్రచారంలోకి వచ్చింది.

3. నరకం, పాతాళం

ఆంగ్లంలో కింగ్ జేమ్స్ అనువాదం షియోల్, హేడిస్, గెహెన్నా అనే మూడింటినీ చాలాచోట్ల ‘హెల్’ అనే ఒకే మాటతో అనువదించింది. తెలుగు బైబిలు షియోల్, హేడిస్‌లకు సాధారణంగా ‘పాతాళము’, గెహెన్నాకు ‘నరకము’ వాడి, ఆంగ్ల పాఠకునికి అందని భేదాన్ని నిలిపింది. గెహెన్నా యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ. పాత నిబంధనలో లోయ పేరుగా కనిపించేదే కొత్త నిబంధనలో నరకమైనందువల్ల, ఆ రెంటి సంబంధం తెలుగు పాఠకునికి తెలియకుండా పోయింది.

ఈ రెండు మాటలూ ఖాళీ పాత్రలు కావు. విష్ణుపురాణంలో పాతాళం శిక్షాస్థలం కాదు. నారదుడు దాన్ని స్వర్గం కంటే రమణీయమన్నాడు. భాగవత పంచమ స్కంధం 28 నరకాలను చెబుతుంది. అక్కడి యాతన పాపానికి తగినంతే. ఆ తర్వాత జీవికి మళ్లీ జన్మ ఉంది. తమోయోగ్యులకు అంధతమసం శాశ్వతమన్న మధ్వుని ద్వైతం దీనికి ప్రసిద్ధమైన మినహాయింపు. అందువల్ల ‘నరకం’ అన్నంత మాత్రాన తెలుగు శ్రోతకు అంతులేనితనం స్ఫురించదు. ఆ భారమంతా ‘నిత్య’ అనే విశేషణంపై పడింది.

4. ‘నిత్య’ పదం

మత్తయి 25:46లో శిక్షకూ జీవానికీ విశేషణం ఒక్కటే: గ్రీకులో ‘అయోనియోస్’, తెలుగులో ‘నిత్య’. ఒకే విశేషణానికి ఒకే వాక్యంలో రెండర్థాలు చెప్పరాదనీ, జీవం అనంతమైతే శిక్షా అనంతమేననీ అగస్టీన్ వాదం. ఆ పదానికి మూలమైన ‘అయోన్’కు ‘యుగం’ అనే అర్థం ఉందని సర్వరక్షణవాదులు గుర్తుచేస్తారు. నిత్యమైనది శిక్ష ఫలితమే గాని శిక్షించే క్రియ కాదని వినాశవాదులంటారు. హెబ్రీ పత్రికలోని నిత్య విమోచనం వారికి ఆధారం: విమోచించే పని ముగిసింది, ఫలితం నిలిచింది.

ఈ మూడో వాదం తెలుగులో వినిపించడం కష్టం. నిత్యపూజ, నిత్యపారాయణ, నిత్యాన్నదానం వంటి సమాసాల్లో ‘నిత్య’ క్రియ ఎడతెగక సాగడాన్నే చెబుతుంది. ఆ వరుసలో ‘నిత్యశిక్ష’ రోజూ సాగే శిక్షగా ధ్వనిస్తుంది. ప్రకటన గ్రంథంలోని ‘రెండవ మరణము’ మాత్రం వినాశవాదికి అనుకూలంగా వినబడుతుంది. రెండు పక్షాలకూ తెలుగు బైబిలులోనే బలం దొరకడానికి ఇదొక కారణం.

5. పూర్వికుల ప్రశ్న

1876–78 కరవు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకేరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. తొలితరం క్రైస్తవులు గనుక వారి తల్లిదండ్రుల్లో, తాతల్లో, కరవులో పోయినవారిలో చాలామంది సువార్త వినకుండానే మరణించి ఉంటారు. నిత్యశిక్షను అక్షరాలా అన్వయిస్తే ఆ పూర్వికుల గతి ఏమిటి? ఊరిబయట బతికి ఆకలితో పోయినవారికి మరణానంతరం కూడా అంతులేని బాధేనా?

ఇదే ప్రశ్న 1880ల్లో అమెరికాలో ఆండోవర్ వివాదమైంది. సువార్త వినని వారికి మరణానంతరం అవకాశం ఉండవచ్చన్న అభిప్రాయం వల్ల అహ్మద్‌నగర్ మిషనరీ రాబర్ట్ హ్యూమ్ భారతదేశానికి తిరిగి రావడానికే ఆటంకం ఏర్పడింది. ఒంగోలుకు మరింత దగ్గరి సంబంధమూ ఉంది. ఆ బాప్తిస్మాలకు నాయకత్వం వహించిన జాన్ క్లౌ భార్య ఎమ్మా, మాదిగల జీవితంపై 1899లో గ్రంథం రాసింది. ఆమె సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్ 1917లో వెలువరించిన గ్రంథంలో నిత్యనరక భావనను ప్రశ్నించాడు.

6. ముగింపు

• తెలుగు బైబిలు పాతాళ, నరక భేదాన్ని నిలిపినా, ఆ మాటల పౌరాణికార్థాలను తొలగించలేదు.

• ‘నిత్య’ పదానికి తెలుగులో ఉన్న క్రియాపరమైన ధ్వని నిత్యశిక్షావాదానికి సహజంగా బలమిచ్చింది.

• ఈ ప్రాంతంలో వివాదానికి పరీక్ష కేవలం వ్యాకరణం కాదు, పూర్వికుల గతి. ఏ వాదమైనా 1878 నాటి తొలితరానికి ఏం చెప్పగలదో చూపాలి. ఆ తరం పాటలు, సాక్ష్యాలు, ప్రసంగాల్లో ఈ మూడు పదాల ప్రయోగాన్ని పరిశీలించడం పరిశోధకులు చేపట్టదగిన పని.