సముద్రపు ముండ్లబంతి

మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు పోయిన పిల్లలు స్వామి దర్శనము చేసికొని, సముద్రపుటొడ్డున గవ్వలు, గుల్లలు ఏరుకొని ఒడినిండ తెచ్చుకొందురు. ఆ గవ్వల నడుమ, ఒడలెల్ల ముండ్లుగల బంతివంటి ప్రాణి సాధారణముగా కానరాదు. విశాఖపట్టణమున ఋషికొండ వద్ద సముద్రము పోటు తగ్గి వెనుకకు పోయినప్పుడు రాళ్ళ సందులలోని నీటిగుంటలను పరికించినచో ఆ ప్రాణి కనబడును. సముద్రము ఒక్కటే, తీరము ఒక్కటే. అచటనున్న ప్రాణి ఇచట నేల కానరాదు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనవలెనన్న, ముందుగా ఆ ప్రాణి స్వభావమును తెలిసికొనవలయును.

దీనిని ఆంగ్లమున సీ అర్చిన్ అందురు. మనము ముండ్లబంతి అని పిలుచుకొందము. ఇది సముద్ర నక్షత్రమునకు దగ్గరి చుట్టము. దీని గుండ్రని పెంకు, మనము గుల్లసున్నము కాల్చుటకు వాడు గుల్లలలోని పదార్థముతోడనే ఏర్పడినది. పెంకుపైనున్న ముండ్లు దానికి కవచము. ముండ్ల నడుమనుండి సన్నని గొట్టములవంటి పాదములు వందలకొలది బయటికి చాచుకొని, వానితో రాతిని పట్టుకొని మెల్లగా నడచును. నోరు అడుగుభాగమున నుండును. అందు ఐదు పండ్లు కలవు. అవి అరిగినకొలది పెరుగుచునే యుండును. సుమారు 2,300 సంవత్సరముల క్రిందట గ్రీకు పండితుడగు అరిస్టాటిల్ ఈ ప్రాణిని వర్ణించుచు లాంతరుతో పోల్చెను. అందుచేత ఆ పండ్ల అమరికకు నేటికిని అరిస్టాటిల్ లాంతరు అనియే పేరు.

ఇక మన ప్రశ్నకు వత్తము. రాతిని పట్టుకొని జీవించు ముండ్లబంతికి రాయి కావలెను. కోనసీమ గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల. ఇచటి తీరమున ఇసుక, బురదయే కాని రాళ్ళు లేవు. ఇసుకలో పూడుకొని బ్రతుకు ముండ్లబంతి జాతులును కొన్ని కలవు కాని, వానికిని వేరొక చిక్కు కలదు. ఈ కుటుంబపు ప్రాణులు తమ శరీరములోని ఉప్పును అదుపుచేసికొనలేవు. కావుననే వీనిలో మంచినీట నివసించునది ఒక్కటియు లేదు. వరదల కాలమున గౌతమి, వైనతేయ, వసిష్ఠలు ఎఱ్ఱని మంచినీటిని సముద్రములోనికి కుమ్మరించునప్పుడు తీరజలముల ఉప్పదనము తగ్గిపోవును. మన వరిచేలకు ప్రాణమైన నీరే ఈ జీవికి గండమగుచున్నది.

ఇంత చిన్న ప్రాణిని శాస్త్రజ్ఞులు ఏల పరిశోధించిరి? పెక్కు జాతుల ముండ్లబంతుల గ్రుడ్లు అద్దమువలె పారదర్శకములు. లోపల జరుగు మార్పులను సూక్ష్మదర్శినితో నేరుగా చూడవచ్చును. జర్మనీ దేశస్థుడగు ఆస్కార్ హెర్ట్విగ్ ఈ గ్రుడ్లను పరీక్షించి, తల్లి కణకేంద్రమును తండ్రి కణకేంద్రమును ఏకమగుటయే క్రొత్తజీవికి ఆరంభమని 1876లో ప్రకటించెను. 1982లో ఇంగ్లండు దేశస్థుడగు టిమ్ హంట్ ఈ గ్రుడ్లలో ఒక మాంసకృత్తు కణవిభజనకు ముందు పెరిగి, విభజన కాగానే మాయమగుటను గమనించెను. అదియే సైక్లిన్. మన శరీరములోని కణములును ఇట్టి పదార్థముల ఆజ్ఞకు లోబడియే విభజన చెందును. ఆ అదుపు తప్పినచో క్యాన్సరు పుట్టవచ్చును. ఈ పరిశోధనకు 2001లో హంట్ మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి నందుకొనెను.

సముద్రమునకు ఈ ప్రాణి చేయు మేలు, కీడు రెండును తెలియదగినవి. ఉత్తర పసిఫిక్ సముద్రమున కెల్ప్ అను పొడవైన నాచు, నీటిలోపల అడవులవలె పెరుగును. చేపలకు అది ఇల్లు. ముండ్లబంతులు ఆ నాచును మేయును. సముద్రపు నీటికుక్కలు ముండ్లబంతులను తినును. కోరంగి మడ అడవులలోని మన నీటికుక్కలకు అవి జ్ఞాతులు. వ్యాపారులు బొచ్చుకొరకు వానిని వేలకొలది చంపగా, 1911లో నాలుగు దేశములు ఒడంబడిక చేసికొని ఆ వేటను నిలిపినవి. తరువాత 1970 ప్రాంతమున జేమ్స్ ఎస్టెస్ అను శాస్త్రజ్ఞుడు అలూషియన్ దీవులను పరిశీలించెను. నీటికుక్కలున్న దీవిచుట్టు నాచు అడవులు దట్టముగా నుండెను. అవి లేని దీవిచుట్టు ముండ్లబంతులే పరచుకొని, అడవి నశించియుండెను.

దీనికి విపర్యాసము కరిబియన్ సముద్రమున జరిగినది. 1983లో పనామా వద్ద మొదలైన ఒక తెగులు సుమారు ఒక్క సంవత్సరములో అచటి నల్లని ముండ్లబంతులలో నూటికి తొంబదికి పైగా చంపివేసెను. మేయువారు లేక నాచు పెరిగి పగడపుదిబ్బలను కప్పివేసెను. ఎక్కువైన చోట అడవి నశించెను. తక్కువైన చోట పగడము నశించెను.

జపాను దేశస్థులు దీని లోపలి పచ్చని భాగమును ప్రియముగా భుజింతురు. అందుకై మితిమీరి పట్టిన చోట్ల ఇవి తరిగిపోయినవి. బొగ్గుపులుసు వాయువు గాలిలో పెరిగి సముద్రములో కరిగినకొలది నీటి ఆమ్లగుణము హెచ్చి, ఈ ప్రాణి పిల్లలు పెంకు కట్టుకొనుట కష్టమగును.

బాలలారా! ఓడలరేవునను, అంతర్వేదిని వలలు లాగు మత్స్యకారుల ఇండ్లలో పొయ్యి వెలుగుట సముద్రములోని ఇట్టి ఎన్నియో సమతౌల్యములపై ఆధారపడియున్నది. మీరు ఎన్నడైన ఋషికొండకు పోయినప్పుడు నీటిగుంటలో ముండ్లబంతి కనబడినచో కర్రతో పొడువకుడు. ముల్లు కాలిలో విరిగినచో మీకును బాధ. చేతులు కట్టుకొని, వంగి, నిదానముగా చూడుడు. హెర్ట్విగ్ మొదలుగాగల వారందరును చేసిన మొదటి పని అదియే.