కోరంగి రేవు దాటిన తెలుగు

కోనసీమవాడికి ప్రయాణమంటే ముందు జ్ఞాపకం వచ్చేది రేవు. ఇప్పుడంటే వంతెనలు వచ్చాయి. ఎదుర్లంక, యానాంల మధ్య వంతెన 2002లో తెరిచేవరకు, అమలాపురం నుంచి కాకినాడ పోవడానికి పంటు మీద కారూ, బస్సూ, మేకపిల్లా, పెళ్లికూతురూ అందరూ కలిసి గోదావరి దాటేవారు. సంతకు వెళ్లినవాడు సాయంకాలానికి తిరిగి వచ్చేవాడు. చుట్టపుచూపుగా వెళ్లినవాడు నాలుగు రోజుల్లో వచ్చేవాడు. రేవు దాటి వెళ్లి మరి తిరిగి రానివారు కూడా కొందరున్నారు. ఈ వ్యాసం వాళ్ల సంగతి.

యానాం దాటి కాకినాడ వైపు పోతుంటే తాళ్లరేవు దగ్గర కోరంగి అనే ఊరు తగులుతుంది. నేడు మడ అడవులు చూడటానికి జనం అక్కడికి పోతున్నారు. ఒకప్పుడు అది ఓడలు కట్టే రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును ఊడ్చిపెట్టింది. ఊరు చితికిపోయినా పేరు మాత్రం సముద్రాలు దాటింది. బర్మాలో తెలుగు కూలీని "కోరంగివాడు" అన్నారు. మారిషస్ ద్వీపంలోనూ తెలుగువాళ్లకు అదే పేరు పడింది. విశాఖపట్నం నుంచి వెళ్లినవాడూ, గంజాం నుంచి వెళ్లినవాడూ, మన గోదావరి జిల్లావాడూ అక్కడ అందరూ కోరంగివాళ్లే!

ఎందుకు వెళ్లారు?

బండారులంక పేరు చెబితే ఈనాటికీ ఆడవాళ్లకు చీరలే గుర్తుకు వస్తాయి. గుంట మగ్గం మీద నేసిన నూలుచీర, ఒంటికి చల్లగా వుండేది. ఈ గోదావరి ముఖద్వారంలో నేత ఎంత పేరుపొందిందంటే, యానాం పక్కనే వున్న ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు కోఠీలు పెట్టుకొని బట్టలు కొనుక్కుపోయేవారు. నరసాపురం దగ్గర మాధవాయపాలెం పేరుమీద ఒక రకం గుడ్డకు ఐరోపాలో "మడపోలం" అని పేరు వచ్చింది. తరువాత ఇంగ్లండులో మిల్లులు వచ్చాయి. కొనేవాడే అమ్మేవాడై కూర్చున్నాడు. పందొమ్మిదో శతాబ్దం తొలి భాగంలోనే కంపెనీ కోఠీలు మూతపడ్డాయి.

అటు నేల సంగతీ అంతే. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తి అయింది. దానికి ముందు గోదావరి పక్కనే పారుతున్నా, పొలానికి నీరు వానదేవుడి దయ. వరద వస్తే లంకలు మునిగేవి, రాకపోతే ఎండేవి. 1833లో వచ్చిన నందన కరువు కోస్తా జిల్లాలను ఎంత పీల్చివేసిందో పెద్దవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. సరిగ్గా ఆ మరుసటి ఏడాదే, 1834లో, మారిషస్‌కు ఒప్పందపు కూలీలను తీసుకుపోవడం ఆరంభమయింది. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దవుతోంది. అక్కడి చెరకుతోటల దొరలకు కొత్త చేతులు కావలసివచ్చాయి. అయిదేళ్ల ఒప్పందం, మగవాడికి నెలకు అయిదు రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు, గుడ్డలు. ఆకలితో వున్నవాడికి ఈ మాటలు ఎలా వినపడి వుంటాయో వేరే చెప్పాలా!

ఒప్పందంలో బాగా వినపడని మాటలూ వున్నాయి. పనికి ఒకరోజు రాకపోతే రెండు రోజుల జీతం కోత. తోట దాటి పోవాలంటే చీటీ చూపాలి. 1860ల తరువాత ఆ చీటీకి ఫొటో కూడా అంటించారు. 1834 నుంచి 1920 వరకు సుమారు అయిదు లక్షలమంది భారతీయులు ఆ ద్వీపంలో దిగారు. అందులో ఉత్తరాదివాళ్లే ఎక్కువ. తెలుగువాళ్లు చిన్న గుంపు. ద్వీపం మాత్రం ఎంత? పొడవు అరవై అయిదు కిలోమీటర్లు, వెడల్పు నలభై అయిదు.

కూలి రైతు అయిన కథ

అందరూ అక్కడ జీవితాంతం కూలీలుగానే మిగిలిపోలేదు. 1870ల తరువాత పంచదార ధర పడిపోవడంతో, తోటల దొరలు అంచుల్లో వున్న రాళ్లభూములను చిన్న చిన్న ముక్కలుగా కోసి అమ్మడం మొదలుపెట్టారు. కొన్నది ఎవరు? ఒప్పందం తీరి, నోరు కట్టుకొని నాలుగు డబ్బులు కూడబెట్టిన పాత కూలీలు! నల్లరాళ్లు ఏరి గుట్టలు పోసి, మధ్యలో చెరకు వేశారు. ఆ రాతిగుట్టలు ఇప్పటికీ చెరకు పొలాల మధ్య కనపడతాయి. తోటలో వరుస గుడిసెల నుంచి బయటపడి సొంత ఇల్లు, పక్కన పెరడు, పెరట్లో మునగచెట్టు, ముంగిట గుడి. అలా ఊళ్లు లేచాయి. మునగాకును అక్కడ "బ్రెద్ మురుం" అంటారట. సగం ఫ్రెంచి, సగం అరవం. అయినా కూర మన కూరే.

ఊరు విడిచిపోయిన రైతు ఊరినే వెంట తీసుకుపోవాలని చూడటం మన ఒక్కరి గుణం కాదు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఎల్క్ హార్న్ అనే ఊరు వుంది. డెన్మార్కు నుంచి వెళ్లిన రైతులు కట్టుకున్న ఊరు. వాళ్ల మనుమలు 1976లో ఏం చేశారో తెలుసా? డెన్మార్కులో 1848లో కట్టిన ఒక గాలిమరను కొని, ఊడదీసి, ముక్కలకు గుర్తులు పెట్టి, ఓడలో తెప్పించుకొని తమ ఊళ్లో మళ్లీ నిలబెట్టుకున్నారు! డబ్బున్నవాళ్ల ముచ్చట అని కొట్టిపారవేయవచ్చు. కాని దిగినప్పుడు ఆ రైతుల తాతలకూ డబ్బు లేదు.

మారిషస్ తెలుగువాళ్లకు గాలిమర దొరకలేదు. వాళ్లు తెచ్చుకున్నది ఓడలో చోటు పట్టనిది, అద్దె అడగనిది, పాట. రామభజనం అక్కడి తెలుగువాళ్లకు అన్నిటికన్నా ప్రియమైన పండుగ. దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. అమ్మోరు పండుగ చేస్తారు. అప్పన్నను అంతగా కొలుస్తున్నారంటే, వెళ్లినవారిలో విశాఖ వైపువారు ఎంతమంది వుండివుంటారో ఊహించవచ్చు. ఏ తాతలు వెళ్లారో కాగితం చెప్పకపోయినా దేవుడు చెపుతున్నాడన్నమాట.

1940లలో వాళ్లు మారిషస్ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు అంతకు ముందే, 1931లో, తమ ఆంధ్ర మహాసభను పెట్టుకొని వున్నారు. మారిషస్ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు నేర్చుకోవచ్చు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి. సభలకు వెళ్లిన మనవాళ్లు పొంగిపోయి వుంటారు. పొంగవలసిందే.

పొంగిన తరువాత ఇంకొక సంగతి కూడా చూడాలి. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంట్లో మాట్లాడే భాష తెలుగు కాదు, క్రియోల్. తెలుగు పూజలో వుంది, పాటలో వుంది, బడిలో వారానికి కొన్ని గంటలు వుంది. అమ్మ బిడ్డను కోప్పడేది మాత్రం క్రియోల్‌లోనే. ఆ క్రియోల్‌ను గౌరవమైన సాహిత్యభాషగా నిలబెట్టడానికి జీవితాంతం పోరాడిన నాటకకర్త దేవ్ వీరాస్వామి, తెలుగు కుటుంబంలో పుట్టినవాడే. ఆయన 2023లో కన్నుమూశారు. దీన్ని తప్పు పట్టడానికి మనమెవరం? ఆరు తరాలుగా ఆ మట్టిలో నలిగినవాళ్ల భాష అది. అర్థం పూర్తిగా తెలియకపోయినా రామభజనలో పదం తప్పకుండా పాడేవాళ్లనూ, అర్థమంతా తెలిసి ఒక్క పాటా నోటికి రాని మన పిల్లలనూ పక్కపక్కన నిలబెడితే ఎవరికి మార్కులు వేయాలో నాకు తోచలేదు.

ఇంటిపేరు పోయింది

అన్నిటికన్నా నన్ను కలతపెట్టింది మరొకటి. పోర్ట్ లూయిస్ రేవులో కూలీలు దిగి ఎక్కిన మెట్లు, వాళ్లను వుంచిన డిపో భాగాలు ఇంకా మిగిలివున్నాయి. ఆప్రవాసి ఘాట్ అని పేరు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ డిపోలో రాసిన రిజిస్టర్లు మోకా అనే చోట మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా వున్నాయి. మనిషికి ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీద మచ్చ, జిల్లా, ఊరు. ఆ తరువాతి కాలపువారికి ఫొటో కూడా. బెదిరిన కళ్లతో కెమెరాను చూస్తున్న పడుచులూ, మీసాల మామయ్యలూ. మనుమలూ మునిమనుమలూ వెళ్లి అడిగితే ఆ వివరాలు వెతికి ఇస్తారు.

అయితే ఆ గడుల్లో ఎక్కువగా లేనిది ఇంటిపేరు! గుమాస్తా పేరు అడిగాడు, మనిషి "అప్పడు" అన్నాడు. తండ్రి పేరు అడిగాడు, చెప్పాడు. ఇంటిపేరు ఎవరూ అడగలేదు. తరువాతి తరానికి ఆ "అప్పడు"నే కుటుంబనామం చేశారు. ఉత్తరాదిలో, తమిళదేశంలో ఇది అంత పెద్ద నష్టం కాకపోవచ్చు. తెలుగుదేశంలో ఇంటిపేరు లేకుండా ఎవరిని పట్టుకోగలం? పెళ్లిచూపులకు వచ్చినా, అద్దె ఇంటికి వచ్చినా మనవాళ్లు మొదట అడిగేది "మీ ఇంటిపేరేమిటండీ?" అనే కదా! ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోవడంచేత, వంద ఏళ్ల తరువాత తిరిగి వచ్చిన దాయాది మన గుమ్మంలో నిలబడినా మనం పోల్చుకోలేము.

ఇక మిగిలిన ఆధారం ఊరి పేరు. అదీ ఒక చిక్కే. తెలుగువాడు చెప్పాడు, దుబాసీ విన్నాడు, దొర గుమాస్తా తన చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఒకసారి మన లంకల పేర్లు గడగడా చెప్పి చూడండి. బండారులంక, ఎదుర్లంక, లంకల గన్నవరం. సగం పేరు మింగితే మిగిలేది "లంక" ఒక్కటే. అది ఏ లంక? గోదావరి కొట్టుకుపోయిన లంకలున్నాయి, కొత్తగా వేసిన లంకలున్నాయి. రెండు పాయలుగా చీలి పేరు మారినవీ వున్నాయి. కాగితం పట్టుకొని వచ్చే మనిషికి మ్యాపు చాలదు. ఫలానా రేవు పూర్వం ఎక్కడ వుండేది, ఫలానా పాలెం ఏ పంచాయతీలో కలిసింది అని చెప్పగల ముసలివాళ్లు కావాలి.

అక్కడివాళ్లు తమ సగం రాసి దాచుకున్నారు. మన సగం ఎక్కడా రాసిలేదు. పని పెద్దదేమీ కాదు. ఏ హైస్కూలు పిల్లలకైనా వేసవి సెలవుల్లో ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఊరి పాత పేట పేర్లు, రేవుల పేర్లు, అక్కడ వుండి పోయిన ఇంటిపేర్లు, "బర్మా పోయాడు", "రంగం పోయాడు", "మిరిచిదేశం పోయాడు" అని చెప్పుకొనే వారి ముచ్చట్లు రాసుకురమ్మంటే చాలు. మిరిచిదేశమంటే మారిషస్సే. బండారులంకలో అయితే మగ్గాల సంగతీ దానితోపాటే రాయించవచ్చు. మగ్గం దిగిపోయిన ఇళ్లు ఏవో, ఏ అంచుకు ఏ పేరో చెప్పేవారు ఇప్పుడు అరుగు మీద కూర్చొని వున్నారు. వారిలో కొందరికి ఎనభై దాటింది. వచ్చే వేసవికి మే నెల ఎండలు ముదరకముందే వారి దగ్గరికి వెళ్లడం మంచిది.