గది నుంచి గదికి గాలి లెక్క

వంటింట్లో ఎండుమిర్చి పోపు వేస్తే, తలుపు మూసి ఉన్న పడకగదిలోనూ దగ్గు మొదలవుతుంది. పొగ, ధూళి, కొత్త రంగుల వాసన, తుమ్ము తుంపరలు కూడా అలాగే ప్రయాణిస్తాయి. అవి ఏ గదికి, ఎంతసేపట్లో, ఎంత మోతాదులో చేరతాయో ముందే లెక్కగట్టే పద్ధతిని మల్టీజోన్ మోడలింగ్ అంటారు.

ఇందులో ప్రతి గదీ ఒక డబ్బా. తలుపు కింది సందులు, కిటికీలు, గోడ పగుళ్లు, ఏసీ గొట్టాలు ఆ డబ్బాలను కలిపే దారులు. బయట వీచే గాలి, లోపలికీ బయటికీ వేడిలో తేడా, ఫ్యాన్లు కలిసి పీడనంలో తేడా తెస్తాయి. గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ వైపు కదులుతుంది. వాతావరణ పీడనం లక్ష పాస్కల్‌ల పైమాటే. సెకనుకు 5 మీటర్ల వేగంతో వీచే గాలి గోడపై చూపే పీడనం సుమారు 15 పాస్కల్‌లు దాటదు. ఇంటి గాలి కదలడానికి ఆ కాస్త చాలు.

ఆపైన మిగిలేది జమాఖర్చు. గదిలో పుట్టిన పొగ, పక్క గది నుంచి వచ్చిన పొగ జమ. బయటికి పోయింది, గోడలకు అంటుకున్నది, ఫిల్టర్‌లో చిక్కింది ఖర్చు. గంటకు గది నిండా సరిపడే తాజా గాలి వస్తోందనుకుందాం. అగరొత్తి ఆరాక, గోడలకు అంటుకునేది పక్కన పెడితే, పొగ సగానికి తగ్గడానికే సుమారు 42 నిమిషాలు కావాలి. గంట గడిచినా 37 శాతం మిగులుతుంది. కొత్త గాలి పాతదాన్ని ఊడ్చిపారేయదు, దానితో కలిసిపోయి కొంచెంకొంచెంగా బయటికి తీసుకుపోతుంది.

గదులు పదులు దాటితే ఈ లెక్క చేత్తో తెమలదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసిన ‘కాంటామ్’ సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది, అదీ ఉచితంగా.

2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా సార్స్ సోకింది. ఒకే ఫ్లాట్‌కు వచ్చిపోయిన రోగి నుంచి అంతమందికి ఎలా పాకింది? మల్టీజోన్ లెక్కలు కూడా వాడిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. స్నానాలగదుల నేల తూముల్లో అడ్డుగా నిలవాల్సిన నీరు ఎండిపోవడంతో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా మురుగు గొట్టంలోని తుంపరలు లోపలికి వచ్చాయనీ, అక్కడి నుంచి ఫ్లాట్ల మధ్య సందులోకి పోయి, వెచ్చటి తేమగాలితో పాటు పైఅంతస్తులకు ఎక్కాయనీ అది సూచించింది.

డబ్బా అంతటా గాలి ఒకేలా కలిసి ఉంటుందనుకోవడమే ఈ పద్ధతికి బలమూ, బలహీనతా. పెద్ద హాలులో పొయ్యి పక్కన నిలబడ్డవారికీ, చివరన కూర్చున్నవారికీ అందే పొగ ఒక్కటి కాదు. అలాంటి చోట ఆ ఒక్క గదికే గాలి ప్రవాహాన్ని సూక్ష్మంగా లెక్కించే వేరే పద్ధతి వాడతారు. సందుల వైశాల్యాన్ని పరీక్షలతో కొలవవచ్చు. ఇంట్లోవాళ్లు ఏ తలుపు ఎప్పుడు తీస్తారన్నది మాత్రం వేళల పట్టికగా ఊహించి రాసుకోవాల్సిందే.