ఆరవ విసురు

హెల్సింకీ నగరమునందలి ఒలింపిక్ స్టేడియము ప్రక్కన తెల్లని గోపురమొకటి నిటారుగా నిలిచియున్నది. దాని ఎత్తు 72 మీటర్ల 71 సెంటీమీటర్లు. శిల్పులు ఈ కొలతను శిల్పశాస్త్రమునుండి తెచ్చుకొనలేదు. 1932లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలయందు ఫిన్లాండు వీరుడు మాట్టి యార్వినెన్ ఈటెను విసరి బంగారు పతకము గెలిచిన దూరమది. యుద్ధములు గెలిచిన రాజులు జయస్తంభము లెత్తించుట చరిత్రలో విశేషము కాదు. ఒక మనిషి చేతి విసురును నిలువుగా నిలబెట్టి గోపురము కట్టుకొన్న జాతి మాత్రము అరుదు.

ఈటె యనిన ఫిన్లాండు ప్రజలకు అంతటి మక్కువ. అడవులు, సరస్సులు నిండిన ఆ చిన్న దేశము 1917లో రష్యానుండి విడివడి స్వతంత్రమైనది. మూడేండ్లు గడవకముందే 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్సులో ఈటె పందెమున మొదటి నాలుగు స్థానములును ఫిన్లాండువారికే దక్కినవి. నాటినుండి ఈ క్రీడను ఆ దేశస్థులు తమ ఇంటి విద్యగా భావించుచు వచ్చిరి. అయితే ఆ కీర్తి అంతయు పురుషులది. ఒలింపిక్సులో స్త్రీలకు ఈటె పందెము పెట్టినదే 1932లో. అమెరికాకు చెందిన బేబ్ డిడ్రిక్‌సన్ నలభై మూడు మీటర్ల పైచిలుకు విసరి ఆ మొదటి పతకమును గెలుచుకొన్నది.

ఈ గోపురము నీడన స్త్రీల ఈటెకు సంబంధించిన ముచ్చట యొకటి 1952లోనే జరిగినది. చెకొస్లొవేకియా పరుగు వీరుడు ఎమిల్ జాటొపెక్ ఆ యేటి ఒలింపిక్సులో జూలై 24వ తేదీన 5,000 మీటర్ల పరుగు గెలిచెను. అదే దినమున ఆయన భార్య డానా ఈటె పందెమునకు సిద్ధమగుచుండెను. భర్త పతకమును శుభసూచకముగా తీసికొని తన సంచిలో దాచుకొని ఆమె మైదానములోనికి నడచినది. తొలి విసురుననే 50 మీటర్ల 47 సెంటీమీటర్లు! ఆ దినము ముగియునప్పటికి ఇంటిలో రెండు బంగారు పతకములైనవి. ఆలుమగలిరువురును ఒకే సంవత్సరమున, ఒకే తేదీన జన్మించినవారు కూడ. కల్పిత కథలో ఇట్లు వ్రాసినచో పాఠకులు నమ్మరేమో!

ఆ ముచ్చటకు ముప్పది యొక్క సంవత్సరముల తరువాత, 1983 ఆగస్టు నెలలో, తొలి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు అదే స్టేడియమున జరిగినవి. ఆతిథ్యమిచ్చిన దేశము ఆశలన్నియు ఒక్క యువతి భుజముమీద నిలిచినవి. ఆమె పేరు టీనా లిల్లాక్. వయస్సు ఇరువది రెండేండ్లు. 1982 జూలైలో హెల్సింకీలోనే ఆమె 72 మీటర్ల 40 సెంటీమీటర్లు విసరి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. గోపురపు ఎత్తునకు అది ముప్పది యొక్క సెంటీమీటర్లు మాత్రమే తక్కువ. రెండు నెలలలో గ్రీసు దేశపు సోఫియా సకొరాఫా 74.20 మీటర్లతో ఆ రికార్డును లాగుకొన్నది. 1983 జూన్ 13న టాంపెరే పట్టణమున 74.76 మీటర్లు విసరి లిల్లాక్ దానిని తిరిగి తెచ్చుకొన్నది. యార్వినెన్ గోపురమును ఒక స్త్రీ దాటినది. పురుషుల ఈటె 800 గ్రాములు, స్త్రీలది 600 గ్రాములు అన్నమాట నిజమే. అయినను ఆ గోపురమును చూచుచు పెరిగిన హెల్సింకీ పిల్లకు ఆ సంఖ్య ఎంత ప్రియమైనదో ఊహింపవచ్చును.

ఈటె విసురుట బాహుబలముచేత మాత్రమే జరుగుపని యని చూచువారు భ్రమపడుదురు. పరుగుబాటపై వేగముగా వచ్చి, చివరి అడుగులలో దేహమును ప్రక్కకు త్రిప్పి, ఈటె పట్టిన చేతిని వెనుకకు చాచవలెను. పిదప ముందరి కాలిని నేలపై గట్టిగా తన్నిపెట్టవలెను. అంతవరకు పరుగెత్తిన దేహము అక్కడ హఠాత్తుగా ఆగును. ఆగిన వేగము కాలినుండి నడుమునకు, నడుమునుండి భుజమునకు, భుజమునుండి వ్రేళ్ళకు ప్రాకి ఈటెలో ప్రవేశించును. కొరడా ఝళిపించునప్పుడు పిడి ఆగి కొస దూకునట్లన్నమాట. పరుగెత్తుచున్న బండి హఠాత్తుగా నిలిచినప్పుడు లోనివారు ముందునకు తూలుదురని బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. ఆ ఆగుటలోని భారమంతయు మడమ, మోకాలు, మోచేయి మోయవలెను. అందుచేతనే ఈ క్రీడలో గాయపడనివారు లేరు. విసరిన ఈటె మొన ముందుగా నేల తాకవలెను. విసరినవారు గీతను దాటరాదు. రెంటిలో ఏది తప్పినను శ్రమ యంతయు వ్యర్థము.

ఫైనలు ఆగస్టు 10న జరిగినది. లిల్లాక్‌కు ఎదురునిలిచినది ఇంగ్లండుకు చెందిన ఫాతిమా విట్‌బ్రెడ్. ఆమెయు 1961లో పుట్టినదే. ఇరువురకును కొద్ది వారముల అంతరము. కాని ఆమె బాల్యము వేరు. పసిగుడ్డుగా నుండగా లండనులోని ఒక ఇంట వదలివేయబడి, పదునాలుగవ యేటివరకు అనాథ శిశువుల గృహములలో పెరిగినది. ఈటె నేర్పు శిక్షకురాలు మార్గరెట్ విట్‌బ్రెడ్ ఆ బాలికను చేరదీసి, పెంచుకొని, తన ఇంటిపేరిచ్చినది. తల్లియు గురువును ఒక్కరే యైన భాగ్యము ఆ పిల్లకు ఆలస్యముగా లభించినది. అర్హత పోటీలో ఆమె మిక్కిలి వెనుకబడి, ఫైనలు చేరినవారందరిలో చివరిదిగా ఎట్లో లోపలికి వచ్చినది. అట్టి అభ్యర్థిని గూర్చి ఎవ్వరు కలవరపడుదురు?

మొదటి విసురుననే విట్‌బ్రెడ్ ఈటె 69 మీటర్ల 14 సెంటీమీటర్ల యొద్ద నేలను గ్రుచ్చుకొన్నది.

ఆనాటి ఫైనలులో ప్రతివారికి మొదట మూడు అవకాశములుండెడివి. వారిలో మేటియైన ఎనమండుగురకు మరి మూడు. లిల్లాక్ విసరుచున్నది, ఈటె పడుచున్నది, కొలత చాలుటలేదు. ఈ దూరము ఆమెకు క్రొత్తది కాదు. రెండు నెలల క్రిందటనే అంతకంటె అయిదు మీటర్లకు పైగా విసరిన చేయి యది. కాని పందెమునాటి ఈటెకు నిన్నటి దూరము జ్ఞాపకముండదు. పరీక్షాదినమున, తెలిసిన సమాధానము నోటికి రాక తడబడు విద్యార్థిని చూచిన ఉపాధ్యాయులకు ఈ స్థితి వివరింపనక్కరలేదు. అందులోను ఆమె వెనుక నిలిచినది ఒక తరగతి గది కాదు, ఒక దేశము. ఆ పోటీలలో ఫిన్లాండునకు అంతవరకు ఒక్క బంగారు పతకమైనను రాలేదు. అంతకుముందు సంవత్సరము ఏథెన్సులో జరిగిన యూరపు పోటీలలో గ్రీసు యువతి అన్నా వెరూలీ తన ప్రజల యెదుట బంగారు పతకము గెలిచినది. ఇక్కడ ఆమె 65.72 మీటర్లతో మూడవ స్థానమున నుండెను. స్వదేశపు కేకలు ఒకరిని ఎత్తును, మరొకరిని క్రుంగదీయును. ఏది జరుగునో ముందుగా చెప్పగలవారు లేరు.

అయిదు విసురులు ముగిసినవి. విట్‌బ్రెడే ముందున్నది. లిల్లాక్‌కు మిగిలినది ఒక్కటే.

ఆమె పరుగెత్తినది, ఈటె లేచినది. అది 70 మీటర్ల 82 సెంటీమీటర్ల యొద్ద దిగినది. కొలత ప్రకటించువరకు ఆమె ఆగలేదు. చేతులు పైకెత్తి, ఒడలు మరచి, మైదానమునకు అడ్డముగా పరుగెత్తసాగినది. ఆనాటి చలనచిత్రమును చూచినవారికి విసురుకంటె ఆ పరుగే ఎక్కువగా గుర్తుండును. ఆ పోటీలన్నిటిలో ఫిన్లాండు గెలిచిన బంగారు పతకము అదొక్కటే.

మొదటి విసురునుండి తుది విసురువరకు ముందుండి, ఒక్క క్షణమున వెనుకబడిన విట్‌బ్రెడ్‌ను గూర్చి ఆనాడు ఆ మైదానమున తలచినవారు కొద్దిమందియే యైయుందురు. ఆమెకు లభించినది రజతము. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో ఆమె స్వదేశపు టెస్సా సాండర్సన్ 69.56 మీటర్లతో గెలువగా, కాలి గాయముతో బాధపడుచున్న లిల్లాక్ రెండవ స్థానమునకు, విట్‌బ్రెడ్ మూడవ స్థానమునకు పరిమితులైరి. లిల్లాక్ మరల ఎన్నడును ప్రపంచ విజేత కాలేదు. విట్‌బ్రెడ్ మాత్రము 1986 ఆగస్టులో, స్టుట్‌గార్ట్ నగరమున జరిగిన యూరపు పోటీల అర్హత పరీక్షలో, 77.44 మీటర్లు విసరి ప్రపంచ రికార్డు సాధించినది. మరునాటి ఫైనలులో బంగారు పతకమును గెలిచినది. మూడేండ్ల క్రిందట హెల్సింకీ అర్హత పోటీలో అందరికంటె వెనుక నిలిచినది ఈమెయే! 1987లో రోమ్ నగరమున జరిగిన రెండవ ప్రపంచ పోటీలలో 76.64 మీటర్లు విసరి, తూర్పు జర్మనీకి చెందిన పెట్రా ఫెల్కేను దాదాపు అయిదు మీటర్ల తేడాతో ఓడించి, హెల్సింకీలో చేజారిన బిరుదమును ఆమె అందుకొన్నది.

ఆ ఫెల్కే 1988 సెప్టెంబరులో పోట్స్‌డామ్ పట్టణమున సరిగా 80 మీటర్లు విసరినది. ఆ దూరమును మరి ఏ స్త్రీయు చేరలేదు. 1999లో స్త్రీల ఈటె నిర్మాణమును మార్చి, మొన త్వరగా నేలకు వంగునట్లు చేసిరి. దానితో పాత కొలతలన్నియు వేరు పట్టికలోనికి పోయినవి. లిల్లాక్ 74.76 మీటర్లును, విట్‌బ్రెడ్ 77.44 మీటర్లును ఆ పాత పట్టికలోనే యున్నవి. క్రొత్త ఈటెతో చెక్ దేశపు బార్బొరా ష్పొటాకొవా 2008లో విసరిన దూరము 72 మీటర్ల 28 సెంటీమీటర్లు. హెల్సింకీ గోపురమునకు అది నలుబది మూడు సెంటీమీటర్లు తక్కువ.