పలనాటిసీమ: చరిత్రము, స్వభావము

కృష్ణానదికి దక్షిణమున, నల్లమల కొండల కీశాన్యమున వ్యాపించియున్న మెట్టసీమకుఁ బలనాడని పేరు. గురజాల, మాచెర్ల, కారెంపూడి యిందలి ప్రసిద్ధస్థలములు. పల్లవనాడే పలనాడయ్యెనని కొందఱును, పల్లెనాడే యట్లు మాఱెనని కొందఱును జెప్పుదురు. పేరెట్లు వచ్చినను, ఈసీమ బ్రదుకును దీర్చినది రాయి. నేల యడుగున సున్నపురాయి, నాపరాయి విస్తారముగాఁ గలవు. కృష్ణ చెంతనే యున్నను లోతైన లోయలోఁ బాఱుటచే దాని నీరు చిరకాలము చేలకందలేదు. నాగులేరు, చంద్రవంక వానలపై నాధారపడిన చిన్న యేఱులు. అందుచే జొన్నయే యిచ్చటి ముఖ్యాహార మయ్యెను.

శ్రీనాథుని పేరఁ బ్రచారమున నున్న చాటువులు పలనాటి జొన్నకూటిని, నీటి కొఱఁతను బరిహసించును. పల్నాటివీరచరిత్రమను ద్విపదకావ్యమును నాకవి పేరనే వెలసినది. దానిని 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి ప్రకటించిరి. చాటువులు వినోదమునకును, కావ్యము శౌర్యమునకును జదువఁబడుచున్నవి. ఈ రెంటిని జేర్చి చూచినచో నొకయంశము తేటపడును: కలిమి కొంచెమైన చోట నున్నదానిని బంచుకొనుట యెట్లను ప్రశ్నయే యీసీమ చరిత్రమునఁ బలుమాఱు తలయెత్తినది.

12వ శతాబ్ది యుత్తరార్ధమున జరిగిన పలనాటియుద్ధము దాయాదుల పాలుపంపుల తగవు. గాథ ననుసరించి, నలగామరాజు గురజాలను, మలిదేవరాజు మాచెర్లను నేలిరి. నాయకురాలు నాగమ్మ గురజాల పక్షమునను, బ్రహ్మనాయుఁడు మాచెర్ల పక్షమునను నిలిచిరి. కోడిపోరున నోడి మాచెర్లవారు వలసపోయిరి. గడువు తీఱినపిదపఁ దమపాలు తమకిమ్మని యడుగ వచ్చిన అలరాజు విషప్రయోగమున మడిసెను. తుదకుఁ గారెంపూడికడ నుభయపక్షములును బోరి నశించెను. రాజ్యము పంచుకొన నేరనివారి కథలోనే బ్రహ్మనాయుని చాపకూడు కలదు. అన్నికులములవారిని నొక్కపంక్తినిఁ గూర్చుండఁబెట్టి కుడిపించిన యాచారమది. మాలకన్నమదాసు సేనానాయకుఁడై పోరుట యాపంక్తికిఁ దగిన ఫలము.

ఈస్మృతి గ్రంథస్థమై మాత్రమే నిలువలేదు. కారెంపూడిలో నేఁటికిని గార్తికమాసాంతమున వీరుల యుత్సవము లైదుదినములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని యాదినములకుఁ బేళ్లు. పిచ్చుకుంట్లవారు కథ పాడుదురు, వీరుల యాయుధములకుఁ బూజలు సల్పుదురు, చాపకూడును గలదు.

ఆంగ్లేయుల యేలుబడిలో నాప్రశ్నయే యడవులను గుఱించి పుట్టెను. పంట చాలని మెట్టరైతునకుఁ బశువులు ప్రాణాధారము. వానికి నడవిమేత యాధారము. ఆమేతకుఁ బ్రభుత్వము పుల్లరియను పన్ను గొనుచుండెను. 1921లోఁ బలనాటివారు పుల్లరి నిరాకరించి సత్యాగ్రహము సాగించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు బలియయ్యెను. పూర్వవీరుల సరసనే యాతని పేరును నిప్పుడు వినఁబడును.

తుదకు నీరు వచ్చెను, ఊరక రాలేదు. 3వ శతాబ్దిలో నిక్ష్వాకురాజుల రాజధానియైన విజయపురి యీసీమ కృష్ణాలోయలోనే వెలసినది. నాగార్జునకొండకడ దాని శిథిలములు 1926లో వెలికి వచ్చెను. అందలి చైత్యములను, విహారములను నలంకరించిన శిల్పములు పలనాటి సున్నపురాతఁ జెక్కఁబడినవి. 1955లో సాగరు ఆనకట్టకు శంకుస్థాపనము జరిగెను. లోయ మునుఁగునని యెఱిఁగి పురాతత్త్వశాఖవారు త్రవ్వకములు సాగించి, శిల్పములను గొండపైకిఁ జేర్చి, కొన్ని కట్టడములను మరల నిర్మించిరి. 1967లోఁ గాలువలకు నీరు విడువఁబడెను. నేఁడు కొండ ద్వీపమైనది. నగరము జలగర్భమున నున్నది. కుడికాలువ క్రిందఁ బలనాటఁ బెక్కుచోట్ల వరియు, మిరపయుఁ బండుచున్నవి. చాటువు పరిహసించిన కొఱఁత యీరీతిఁ గొంత తీఱినది. కాలువ పాఱని మెట్టయూళ్లు నింకను గలవు.

2022లో నీపేరనే జిల్లా యేర్పడెను. నరసరావుపేట దానికి ముఖ్యపట్టణము. జిల్లా సరిహద్దు ప్రాచీనసీమ కంటె విశాలము. కావునఁ బలనాటిని బిల్లలకు బోధించువారు యుద్ధమును జెప్పి విడువక, జొన్నచేనిని, చాపకూటిని, అడవిమేతను, మునిఁగిన నగరమును గూడఁ జెప్పవలయును. వీనిని విడిచినచో గాథలో మిగులునది కోడిపోరు మాత్రమే.