అడుగు లేని పేజీ

మన పూర్వకవులు కావ్యాన్ని ఆశ్వాసాలుగా విభజించారు. ఆశ్వాసమంటే ఊపిరి తీసుకోవడం, ఊరట. కవిత్రయంవారి భారతంలో ఇవి 63. అంటే చదివేవాడికీ, వినేవాడికీ లేచి మంచినీళ్లు తాగిరావడానికి అన్నిచోట్ల వీలుందన్నమాట. వారపత్రికలో సీరియలుకైనా చివర ‘సశేషం’ అనే మాట ఉండనే ఉంది. ఈనాటి వెబ్‌సైట్లు చాలావాటికి ఆ మర్యాద లేదు. కిందికి జరిపినకొద్దీ కొత్త సరుకు వచ్చిపడుతూనే ఉంటుంది.

ఈ ఏర్పాటును 2006లో రూపొందించినవాడు ఆజా రాస్కిన్ అనే అమెరికన్ యువకుడని చెబుతారు. యాపిల్ కంపెనీలో మెకింటాష్ కంప్యూటరు పనికి శ్రీకారం చుట్టిన జెఫ్ రాస్కిన్ కుమారుడే ఈయన. మాటిమాటికీ ‘తర్వాతి పేజీ’ మీద నొక్కే శ్రమ తప్పిద్దామన్నదే ఆయన ఉద్దేశం. జనం కాలమంతా దీనికే ధారపోయడం చూసి, తరవాత ఆయనే బాహాటంగా విచారం వెలిబుచ్చాడు. 2019లో అమెరికా సెనేట్‌లో దీన్ని నిషేధించాలని ఒక బిల్లు కూడా పెట్టారు గాని, అది చట్టం కాలేదు.

మా నాన్నగారు హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. నలభై ఏళ్లపాటు ఉదయం పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, మడిచి బల్లమీద పెట్టి, కళ్లజోడు పెట్టెలో వేసుకునేవారు. అక్కడితో లోకం వార్తలు సరి! ఇప్పుడు హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంటే రాత్రి ఒంటిగంట. రక్తపోటు ఉంది, నిద్ర చెడకూడదని డాక్టరుగారి ఆజ్ఞ. ‘‘ఇది అయిపోనీరా, వస్తాను’’ అంటారాయన. అదెక్కడ అవుతుంది? ఎనభయ్యో పడిలో ఉన్న తండ్రిని ‘‘ఇక లేవండి’’ అని ఏ కొడుకు గదమాయించగలడు?

కాబట్టి కిటుకేదో పేజీలోనే చూడాలి. జావాస్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము పేజీ అడుగును కనిపెట్టుకుని ఉంటుంది. మనం అక్కడికి చేరబోతున్నామనగానే మరో వాయి తెప్పిస్తుంది. విస్తరి మడుద్దామనుకునేలోగా గరిటెతో ప్రత్యక్షమయ్యే పెళ్లివారి వడ్డనవంటిది. ఆ ప్రోగ్రామును ఆ ఒక్క సైటుకు ఆపేస్తే వడ్డన ఆగిపోతుంది.

క్రోమ్ బ్రౌజరులో కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, దానిలో జావాస్క్రిప్ట్ అనేచోటికి వెళ్లాలి. అనుమతి లేని సైట్ల జాబితాలో ఆ చిరునామా చేర్చాలి. ఫైర్‌ఫాక్స్ వాడేవారు యుబ్లాక్ ఆరిజిన్ అనే ఉచిత పరికరాన్ని తగిలించుకుంటే, ఆ సైటులో ఉండగానే ఒక్క నొక్కుతో ఇదే పని అయిపోతుంది.

నాన్నగారి సైటుకు ఇలాగే చేశాను, ఆయనతో చెప్పే చేశాను. కొన్ని బొమ్మలు మాయమయ్యాయి. వార్తలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, అడుగున ‘తర్వాతి పేజీ’ అనే మాటతో సహా. మూడోనాడు కాబోలు, రాత్రి తొమ్మిదిన్నరకు ‘‘ఏరా, పేపరు ఇంతేనా ఇవాళ?’’ అంటూ లేచారు. కళ్లజోడు పెట్టె కోసం ఇల్లంతా వెతకవలసి వచ్చింది, వాడి ఎన్నాళ్లయిందో!

అన్ని సైట్లూ ఇలా లొంగవు. కొన్ని తెల్లకాగితంలా మొహం పెడతాయి. అలాంటప్పుడు జాబితాలోంచి ఆ చిరునామా తీసేస్తే మళ్లీ యథాప్రకారం. బ్యాంకు సైట్ల జోలికి మాత్రం పోకండి, వాటికి జావాస్క్రిప్టు లేనిదే గడవదు. గూగుల్‌వారైతే కంప్యూటర్లమీద వెతుకులాటకు 2022లో అమెరికాలో ఈ అంతులేని పేజీని పెట్టి, 2024లో వారే ఎత్తేశారు. అంకెల పేజీలు తిరిగి వచ్చాయి. ఇక ఫోనులోని యాప్‌లలో ఈ మీట మన చేతికివ్వరు. అదే సైటును ఫోను బ్రౌజరులో తెరిస్తే, ఆండ్రాయిడ్ క్రోమ్‌లోనూ సైట్ సెట్టింగ్స్ కింద జావాస్క్రిప్ట్ కనిపిస్తుంది.